తొమ్మిదో తరగతి అడ్వాన్స్‌డ్ సెక్షన్‌కి ఒక్క టెస్టుతోనే ఎంపికా? బెంగళూరు తల్లిదండ్రుల అభిప్రాయాలు కావాలి

వర్తూరు అమ్మ
అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి పూర్తి చేసింది, సీబీఎస్‌ఈ. వాళ్ళ స్కూల్లో తొమ్మిది నుంచి లెక్కలకీ సైన్సుకీ అడ్వాన్స్‌డ్ సెక్షన్ అని వేరుగా పెడతారు. అందులోకి వెళ్ళాలంటే మార్చిలో పెట్టే ప్లేస్‌మెంట్ టెస్ట్ ఒక్కటే దారి. గంటన్నర పేపర్, అన్నీ ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, తప్పు జవాబుకి మార్కు కోత. కటాఫ్ దాటితే అడ్వాన్స్‌డ్, దాటకపోతే జనరల్. ఒకసారి సెక్షన్ ఖరారయ్యాక పన్నెండు దాకా మార్చేది లేదని సర్క్యులర్‌లోనే రాశారు.

పాపకి కటాఫ్‌కి రెండు మార్కులు తగ్గాయి. ఏడాదంతా లెక్కల్లో ముందుండే పిల్ల. ఒక లెక్కని రెండు మూడు పద్ధతుల్లో చేసి చూసుకోవడం దానికి ఇష్టం. ఇలాంటి పేపర్ రాయడం మాత్రం ఇదే మొదటిసారి. పాసైన వాళ్ళలో ఎక్కువమంది ఆరో తరగతి నుంచీ శని, ఆదివారాలు జేఈఈ లాంటి పోటీ పరీక్షలకి పునాది వేసే ఫౌండేషన్ కోచింగ్‌కి వెళ్తున్నవాళ్ళే. అంటే ఈ టెస్ట్ కొలిచింది లెక్కలనా, కోచింగ్‌నా? మీ స్కూళ్ళలో ఎలా చేస్తున్నారు? అసలు ఇలాంటి టెస్ట్ ఉండాలంటారా?

మోడరేటర్
చర్చ బాగుంది, కొనసాగించండి. స్కూళ్ళ పేర్లు, టీచర్ల పేర్లు రాయొద్దని మనవి.

లెక్కల టీచర్
వర్తూరు అమ్మ గారూ, మీ బాధ అర్థమైంది. టెస్ట్ వద్దనే ముందు టెస్ట్ లేని రోజుల్లో ఏం జరిగేదో కూడా వినండి. నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్ వైపు ఒక స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి లెక్కలు చెబుతాను. మా దగ్గర ఇంతకుముందు టీచర్ల సిఫారసు మీదే సెక్షన్లు వేసేవాళ్ళు. స్టాఫ్ రూములో కూర్చుని లిస్టు రాస్తుంటే ఎవరి పేర్లు ముందు గుర్తొస్తాయి? టకటకా చెయ్యెత్తేవాళ్ళవి, ఇంగ్లీషు ధాటిగా మాట్లాడేవాళ్ళవి, ప్రతి పేరెంట్-టీచర్ మీటింగ్ (పీటీఎం)కీ అమ్మానాన్నలిద్దరూ వచ్చి ప్రిన్సిపాల్ దగ్గర కూర్చునేవాళ్ళవి. వెనక బెంచీలో నోరు మెదపకుండా లెక్క చేసుకుపోయే పిల్ల ఎవరికీ గుర్తురాదు. టెస్ట్ పెట్టిన ఏడాది పైకి వచ్చిన పేర్లలో కొన్నిటిని మాలో ఎవరమూ సిఫారసు చేసి ఉండేవాళ్ళం కాదు.

దీనికి గట్టి ఆధారం కూడా ఉంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రొవార్డ్ కౌంటీలో ముందు టీచరో తల్లిదండ్రులో పేరు చెబితేనే పిల్లల్ని గిఫ్టెడ్ ప్రోగ్రాం (బాగా తెలివైన పిల్లల ప్రత్యేక తరగతులు) కోసం పరీక్షించేవాళ్ళు. 2005లో రెండో తరగతి పిల్లలందరికీ స్క్రీనింగ్ టెస్ట్ పెట్టడం మొదలుపెట్టారు. పేద ఇళ్ళ పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు ఆ ప్రోగ్రాంలో బాగా పెరిగారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు దీన్ని వివరంగా అధ్యయనం చేశారు. తెలివైన పిల్లలు అంతకుముందూ అక్కడే ఉన్నారు, వాళ్ళ పేరు చెప్పే మనిషే లేకపోయారు. కాబట్టి టెస్ట్‌ని తీసేస్తే న్యాయం జరుగుతుందని నేను నమ్మను.

బెల్లందూర్ నాన్న
మాస్టారి మాటే నా మాట. మా అబ్బాయి ఆరో తరగతి నుంచి ఫౌండేషన్‌కి వెళ్తున్నాడు. వీకెండ్ అంతా దానికే పోతుంది, క్రికెట్ మానేశాడు. వాడు కష్టపడి తెచ్చుకున్న సీటుని "కోచింగ్ వల్ల వచ్చింది" అని తీసిపారేస్తే ఎలాగండీ? చదవడం కూడా తప్పేనా?

వర్తూరు అమ్మ
మీ బాబు కష్టాన్ని నేను కాదనలేదండీ. ఆ సెక్షన్‌కి వాడు అర్హుడే అయి ఉంటాడు. కోచింగ్‌కి పంపలేని వాళ్ళ పిల్లలకి, పంపకూడదనుకున్న వాళ్ళ పిల్లలకి పన్నెండు దాకా తలుపు మూసెయ్యడం సరైనదేనా అని అడుగుతున్నాను.

డేటా మనిషి
నేను ఐటీపీఎల్ దగ్గర డేటా పని చేస్తాను. లెక్కల టీచర్ గారు చెప్పిన బ్రొవార్డ్ ఉదాహరణ నిజమే. అయితే అక్కడ పెట్టిన టెస్ట్ ఎలాంటిదో చూడండి. అది ముందుగా ప్రిపేర్ అయ్యి రాసే పేపర్ కాదు, అందరికీ క్లాసులోనే పెట్టారు, దాటినవాళ్ళని తర్వాత మళ్ళీ విడిగా పరీక్షించారు. మన స్కూల్లో ఒకే పేపర్ తుది తీర్పు.

రెండు సాంకేతిక విషయాలు చెబుతాను. ఏ పరీక్షలోనైనా వచ్చిన మార్కు చుట్టూ కొంత అటూఇటూ ఉంటుంది. అదే పిల్లలకి అదే స్థాయి పేపర్ ఇంకొకటి వారం తర్వాత ఇస్తే బాగా పైనున్నవాళ్ళు పైనే ఉంటారు, బాగా కిందున్నవాళ్ళు కిందే ఉంటారు. కటాఫ్ చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం ఇటువాళ్ళు అటూ, అటువాళ్ళు ఇటూ అవుతారు. రెండు మార్కుల తేడాతో ఇద్దరు పిల్లల మధ్య ఏ తేడా ఉందో ఆ పేపర్ చెప్పలేదు.

రెండోది నెగెటివ్ మార్కింగ్. జేఈఈ మెయిన్ పద్ధతిలో రైటుకి 4, తప్పుకి 1 కోత అనుకుందాం. నాలుగు ఆప్షన్లలో ఏమీ తెలియకుండా గుడ్డిగా ఒకటి పెడితే సగటున వచ్చేది పావు మార్కు, అంటే నష్టం లేదు. ఒక్క ఆప్షన్ తప్పని తెలిసి మిగతా మూడింట్లో ఒకటి పెడితే సగటున మూడింట రెండొంతుల మార్కు లాభం. కోచింగ్‌లో మొదటి నెలలోనే ఇది నేర్పుతారు. తెలియని పిల్లలు కోతకి భయపడి ఖాళీగా వదిలేస్తారు. అందరిలోకీ నిజాయితీగా, జాగ్రత్తగా ఉండే పిల్లకే ఎక్కువ నష్టం. అమ్మగారూ, పాప ఎన్ని ప్రశ్నలు వదిలేసిందో అడిగారా?

వర్తూరు అమ్మ
ఇప్పుడే అడిగాను. "ష్యూర్ కాని వాటన్నిటినీ వదిలేశానమ్మా, తప్పు పెడితే పోతాయన్నారుగా" అంది. మీరు చెప్పిన లెక్క దానికి చూపించాను. చాలాసేపు పేపర్ మీద తనే వేసి చూసుకుంది.

కడప నుంచి కేఆర్ పురం
అందరూ చిన్నగా మాట్లాడుతున్నారు, నేను గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. నేను విజయవాడలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదివినవాణ్ణి. ఈ అడ్వాన్స్‌డ్ సెక్షన్లు ఎక్కడికి దారితీస్తాయో మాకు బాగా తెలుసు. వారం వారం టెస్ట్, టెస్ట్ మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. పై బ్యాచ్‌కి మంచి లెక్చరర్లు, ఏసీ రూములు. కింది బ్యాచ్‌కి ఆ ఏడాదే డిగ్రీ ముగించుకుని వచ్చిన కుర్రాళ్ళు. పై బ్యాచ్ నుంచి కింది బ్యాచ్‌కి దింపిన రోజు మా రూమ్మేట్ అన్నం తినలేదు, ఇంటికి ఫోన్ కూడా చెయ్యలేదు. అది తప్పించుకోవడానికే నేను బెంగళూరులో స్కూల్ వెతుక్కుని పిల్లల్ని చేర్పించాను. ఇక్కడికీ అదే వచ్చింది, పేరు మాత్రం ఇంగ్లీషులో మెత్తగా పెట్టారు. పద్నాలుగేళ్ళ పిల్లకి "నువ్వు రెండో రకం" అని కాగితం మీద రాసిచ్చే హక్కు స్కూల్‌కి ఎవరిచ్చారు?

నల్లకోటు
న్యాయపరంగా రెండు మాటలు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 13 స్కూల్లో అడ్మిషన్‌కి స్క్రీనింగ్ పెట్టకూడదంటుంది. అది అడ్మిషన్ గురించి, ఆ చట్టం వర్తించేది కూడా 14 ఏళ్ళ దాకా, ఎనిమిదో తరగతి వరకే. అదే స్కూల్లో తొమ్మిదో తరగతిని సెక్షన్లుగా విడదీయడాన్ని ఆ సెక్షన్‌తో అడ్డుకోలేరు.

అయితే 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసు. అందులో విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలు ఇచ్చారు. విద్యాసంస్థలు, ముఖ్యంగా కోచింగ్ సెంటర్లు, వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదని, నలుగురిలో అవమానించకూడదని, పిల్లల శక్తికి మించిన టార్గెట్లు పెట్టకూడదని ఉంది. "వీలైనంతవరకు" అన్న మాట ఉంది కాబట్టి ఇది పూర్తి నిషేధం కాదు. కానీ స్కూల్‌కి రాసే ఉత్తరంలో దీన్ని ప్రస్తావించండి, మేనేజ్‌మెంట్లు పట్టించుకుంటాయి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో 16 ఏళ్ళ లోపు పిల్లల్ని చేర్చుకోవద్దని కూడా ఉంది. ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ నడుపుతున్న చోట ఇది ఎంతవరకు అమలవుతోందో మీకే తెలుసు.

లెక్కల టీచర్
కడప అన్నా, మీరు చూసింది నిజం. కానీ అక్కడ పిల్లల్ని విరిచేసింది వారం వారం పైకీ కిందకీ లాగడం, కింద ఉన్నవాళ్ళకి నాసిరకం చదువు చెప్పడం. స్థాయిని బట్టి చెప్పడం దానంతట అదే చెడ్డది కాదు. నా క్లాసులో నలభై మంది. కొందరికి ఇంకా భిన్నాల్లో తడబాటు, కొందరు లెక్కల ఒలింపియాడ్ అర్హత పరీక్ష ఐఓక్యూఎంలో వచ్చే నంబర్ థియరీ అడుగుతారు. ఒకే నలభై నిమిషాల పీరియడ్లో ఇద్దరికీ న్యాయం చెయ్యమంటే ఎలా?

కెన్యాలో దీని మీద చక్కటి ప్రయోగం జరిగింది. ఎస్తేర్ డుఫ్లో, పాస్కలిన్ డ్యుపా, మైకేల్ క్రేమర్ 2011లో ప్రచురించారు. 121 ప్రైమరీ స్కూళ్ళలో ఒకటో తరగతిని రెండు సెక్షన్లు చేశారు. దాదాపు సగం స్కూళ్ళలో మార్కుల్ని బట్టి, మిగతా స్కూళ్ళలో లాటరీ పద్ధతిలో. మార్కుల్ని బట్టి విడదీసిన చోట కింది సెక్షన్ పిల్లలు కూడా ఎక్కువ నేర్చుకున్నారు. టీచర్ వాళ్ళున్న చోటి నుంచే పాఠం మొదలుపెట్టగలిగారు కాబట్టి.

కడప నుంచి కేఆర్ పురం
మాస్టారూ, ఒక్కటే ప్రశ్న. ఆ కెన్యా స్కూళ్ళలో మంచి టీచర్‌ని పై సెక్షన్‌కి మాత్రమే ఇచ్చారా?

లెక్కల టీచర్
లేదు. ఏ టీచర్ ఏ సెక్షన్‌కి అన్నది కూడా లాటరీయే.

కడప నుంచి కేఆర్ పురం
మీ స్కూల్లో?

లెక్కల టీచర్
సీనియర్లని అడ్వాన్స్‌డ్‌కి వేస్తారు. నన్నూ అక్కడికే వేశారు. స్టాఫ్ మీటింగ్‌లో ఏటా అడుగుతున్నాను, రెండు సెక్షన్లూ మార్చి మార్చి ఇవ్వమని. ఇంకా ఒప్పుకోలేదు. మీరు పట్టుకున్నది అసలు విషయమే అన్నా, దాన్ని నేను దాటవెయ్యను.

పీయూసీ పిల్లాడు
అంకుల్స్, ఆంటీస్, నేను ఇప్పుడు ఫస్ట్ పీయూసీ, అంటే మన ఇంటర్ ఫస్టియర్. మీలో ఎవరూ జనరల్ సెక్షన్లో కూర్చోలేదు కాబట్టి రాస్తున్నాను. నేను రెండేళ్ళు కూర్చున్నాను.

పుస్తకం ఒకటే, సిలబస్ ఒకటే. ఎక్సర్‌సైజ్ చివర్లో కష్టమైన లెక్కలొస్తే "ఇవి మీకు అవసరం లేదు, పరీక్షకి రావు" అని వదిలేసేవాళ్ళు. పక్క రూములో అవే లెక్కలు బోర్డు మీద చేస్తున్నట్టు వినిపించేది. ఆరు నెలలకి మా వాళ్ళు డౌట్ అడగడం మానేశారు. తెలివి తగ్గి మానెయ్యలేదు, అడిగితే "నీకెందుకురా" అన్నట్టు చూసేవాళ్ళు కాబట్టి. పదిలో మ్యాథ్స్ బేసిక్ తీసుకోమని స్కూల్లోనే సలహా ఇచ్చారు. మా నాన్న వినకుండా స్టాండర్డ్ రాయించారు. అందుకే ఇప్పుడు నేను పీసీఎం (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్)లో ఉన్నాను. నాతోపాటు ఉన్న ఇద్దరు ముగ్గురు బేసిక్ తీసుకున్నారు, ఇప్పుడు కామర్స్‌లో ఉన్నారు. వాళ్ళలో ఒకడు నాకన్నా లెక్కలు బాగా చేసేవాడు.

డేటా మనిషి
బాబూ, నువ్వు రాసింది ఇక్కడున్న ప్రతి తల్లీ తండ్రీ చదవాలి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, సీబీఎస్‌ఈ 2020 నుంచి పదో తరగతి లెక్కల బోర్డు పరీక్షలో బేసిక్, స్టాండర్డ్ అని రెండు స్థాయిలు పెట్టింది. పాఠాలు ఒకటే, పేపర్ కష్టం వేరు. గమనించాల్సింది ఏమిటంటే, ఏ స్థాయి రాయాలో ఎంచుకునేది విద్యార్థి. బోర్డు దానికి ముందు ఏ టెస్టూ పెట్టలేదు. బోర్డే పిల్లల మీద వదిలేసిన నిర్ణయాన్ని రెండేళ్ళ ముందే స్కూల్ ఒక పేపర్‌తో తేల్చేస్తోంది.

నూజివీడు బ్యాచ్
నేను నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివాను, ఇప్పుడు మాన్యతా టెక్ పార్క్‌లో పని. మాది జిల్లా పరిషత్ హైస్కూల్. ఈ ట్రిపుల్ ఐటీల యూనివర్సిటీ ఆర్‌జీయూకేటీ 2008లో మొదలైనప్పుడు ఎంట్రన్స్ పెట్టలేదు, పదో తరగతి మార్కులతోనే తీసుకున్నారు. ప్రభుత్వ బడుల పిల్లలకి డిప్రివేషన్ స్కోర్ అని కొంత కలిపేవాళ్ళు. గ్రేడ్లు వచ్చాక 10కి 0.4 పాయింట్లు కలిపారు. ఎంట్రన్స్ ఉండి ఉంటే నేను ఆ గేటు దాటేవాణ్ణి కాదు, ఓఎంఆర్ షీట్ ఎలా ఉంటుందో కూడా అప్పటికి తెలియదు. చేరాక మొదటి ఏడాది చాలా కష్టమైంది, అంతా ఇంగ్లీషు, అంతా ల్యాప్‌టాప్ మీద. రెండో ఏడాదికి అందుకున్నాం. నన్ను అడిగితే, లోపలికి వచ్చాక అందుకునే టైం ఇచ్చారా లేదా అన్నదే చూడాలి. ఒక మార్చి నెల ఉదయం ఎంత వచ్చో చూసి పంపించెయ్యడం కాదు.

బెల్లందూర్ నాన్న
అందరినీ తీసుకుంటే అది అడ్వాన్స్‌డ్ ఎలా అవుతుందండీ? స్పీడ్ తగ్గుతుంది. తర్వాత అందరం కలిసి బయట ఇంకో కోచింగ్ పెట్టించుకుంటాం.

సాన్ హోసే టు సర్జాపూర్
బెల్లందూర్ గారు అన్నదాంట్లో ఒక నిజం ఉంది. మేము మొన్నటిదాకా కాలిఫోర్నియాలోనే ఉన్నాం. పక్కనే శాన్ ఫ్రాన్సిస్కో స్కూళ్ళలో 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా తీసేశారు, తొమ్మిదిలోనే అందరూ కలిసి నేర్చుకోవాలని. ఉద్దేశం మంచిదే. స్తోమత ఉన్నవాళ్ళు బయట డబ్బు కట్టి నేర్పించుకున్నారు, లేనివాళ్ళ పిల్లలు ఉండిపోయారు. చివరికి 2024 మార్చిలో దాన్ని తిరిగి తెమ్మని ఓటర్లు పెద్ద మెజారిటీతో సలహా ఓటు వేశారు. పై క్లాసుని ఎత్తెయ్యడం పరిష్కారం కాదని నా అభిప్రాయం.

నాకు నచ్చింది టెక్సాస్ 2023లో చేసిన చట్టం. ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కలకి ఆటోమేటిక్‌గా వేస్తారు. వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసిచ్చి మానిపించుకోవచ్చు. అక్కడా మార్కులే చూస్తున్నారు, కానీ లోపలికి తెచ్చేందుకు చూస్తున్నారు. ఎవరూ అడగకపోయినా పిల్లకి సీటు వస్తుంది.

సింగపూర్ పిన్ని
నేను బనశంకరిలో ఉంటాను, మా చెల్లెలు కుటుంబం సింగపూర్‌లో. అక్కడ ఏళ్ళ తరబడి పన్నెండేళ్ళకే పీఎస్‌ఎల్‌ఈ పరీక్షతో పిల్లల్ని ఎక్స్‌ప్రెస్, నార్మల్ అని విడదీసేవారు. 2024లో సెకండరీలో చేరిన బ్యాచ్ నుంచి ఆ స్ట్రీములు తీసేశారు. ఇప్పుడు సబ్జెక్టు సబ్జెక్టుకీ వేరు స్థాయి, జీ1, జీ2, జీ3 అని, జీ3 అన్నిటికన్నా పైది. లెక్కలు జీ3లో, ఇంగ్లీషు జీ2లో చదవొచ్చు, మధ్యలో స్థాయి మార్చుకోవచ్చు. మొదట ఏ స్థాయి అన్నది ఇప్పటికీ పరీక్షే చెబుతుంది. పరీక్షల మీద అంత నమ్మకమున్న దేశమే ఒక్క పరీక్షతో పిల్లని మొత్తంగా ఒక గదిలో పెట్టడం మానుకుంది. మన 2020 జాతీయ విద్యా విధానంలో కూడా సబ్జెక్టుల్ని రెండు స్థాయిల్లో ఇవ్వొచ్చని, పిల్లలు కొన్ని మామూలు స్థాయిలో, కొన్ని పై స్థాయిలో చదవొచ్చని ఉంది.

వర్తూరు అమ్మా, మీ స్కూల్లో లెక్కలూ సైన్సూ కలిపి ఒకే సెక్షన్ అన్నారు. లెక్కలు బాగా వచ్చి కెమిస్ట్రీ రాని పిల్ల ఎటు వెళ్ళాలి? ఇది కూడా అడగండి.

వర్తూరు అమ్మ
అందరికీ చాలా కృతజ్ఞతలు. మీ మాటలన్నీ చదివి, ఇంకొందరు తల్లిదండ్రులతో కలిసి స్కూల్‌కి ఉత్తరం రాశాను. కోరినవారి కోసం ముఖ్యభాగం ఇక్కడ పెడుతున్నాను:

"ప్లేస్‌మెంట్ టెస్ట్‌ని రద్దు చేయమని మేము కోరడం లేదు. టెస్ట్‌లో పైకి వచ్చిన ప్రతి బిడ్డకీ సీటు ఇవ్వండి. కటాఫ్‌కి దగ్గరగా ఉన్నవారి విషయంలో ఏడాది మొత్తం మార్కులు, రాతపూర్వకంగా లెక్క చేసి చూపించే ఒక చిన్న పేపర్ కూడా చూడండి. లెక్కలకీ సైన్సుకీ వేర్వేరుగా ఎంపిక చేయండి. అర్ధసంవత్సర పరీక్షల తర్వాత జనరల్ నుంచి అడ్వాన్స్‌డ్‌కి మారే అవకాశం ప్రతి ఏడాదీ ఇవ్వండి. రెండు సెక్షన్లకీ అదే అనుభవమున్న టీచర్లను కేటాయించండి, పాఠ్యపుస్తకంలోని ఏ లెక్కనూ జనరల్ సెక్షన్లో వదిలేయవద్దు. మార్కుల ఆధారంగా విభజన గురించి 2025 జూలై నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాలను మీ దృష్టికి తెస్తున్నాము."

నల్లకోటు
బాగుంది. తీసుకున్నట్టు స్టాంపు వేయించుకుని ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

వర్తూరు అమ్మ
నిన్న కోఆర్డినేటర్ గారు పిలిచి మాట్లాడారు. జవాబు పత్రం చూపించారు. డేటా మనిషి గారు ఊహించినట్టే, పాప రాసినవాటిలో తప్పులు చాలా తక్కువ, ఖాళీలు చాలా ఎక్కువ. కటాఫ్ చుట్టూ ఉన్న పిల్లలకి జూన్‌లో రాత పేపర్ పెడతామన్నారు, మా పాపకొక్కదానికే కాదు, అందరికీ. అర్ధసంవత్సరం తర్వాత మారే విషయం "పరిశీలిస్తాం" అన్నారు. లెక్కలూ సైన్సూ విడదీయడం టైంటేబుల్‌తో కుదరదన్నారు.

టీచర్ల విషయానికి మాత్రం జవాబు రాలేదు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ మాట మార్చారు.

పీయూసీ పిల్లాడు
ఆంటీ, అదే వదలకండి. పాప రేపు జూన్ పేపర్ పాసై అటు వెళ్ళిపోయినా సరే.

బెల్లందూర్ నాన్న
బాబు రాసింది మా వాడికి చదివి వినిపించాను. వాడి బెస్ట్ ఫ్రెండ్ జనరల్‌లో పడ్డాడట, నాకు ఇప్పటిదాకా చెప్పలేదు. టెస్ట్ ఉండాలన్న నా మాటలో మార్పు లేదు. కానీ టీచర్లని రెండు సెక్షన్లకీ మార్చి మార్చి వెయ్యమంటే నేనూ సంతకం పెడతాను. మాదీ అలాంటి స్కూలే, ఫార్మాట్ వాడుకోవచ్చా?

వర్తూరు అమ్మ
తప్పకుండా వాడుకోండి. బాబూ, వదలను. పాప ఏ సెక్షన్లో ఉన్నా జూలై పీటీఎంలో టీచర్ల కేటాయింపు గురించి మళ్ళీ అడుగుతాను. నేనొక్కదాన్నే అడిగితే మళ్ళీ మాట మారుస్తారు. మా వైపు స్కూళ్ళలో జనరల్ సెక్షన్ తల్లిదండ్రులు ఈ గ్రూపులో ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.